ఇంటి ఉప్పునీటి అక్వేరియంలో సముద్ర స్పంజికలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉప్పునీటి అక్వేరియం ఉన్నవారికి స్పంజికలు (స్పాంజ్‌లు అనే సముద్ర జంతువులు) రెండు విధాలుగా ఎదురవుతాయి. దుకాణంలో ఎర్రగానో నారింజ రంగులోనో కొమ్మలు చాచి కనిపించేవి ఒక రకం, ఎవరూ తేకుండానే రాళ్ల అడుగున, సంప్ (ప్రధాన ట్యాంకుకు అనుబంధంగా ఉండే వడపోత తొట్టి) గోడల మీద తెల్లగానో పసుపుగానో పెరిగేవి ఇంకో రకం. డబ్బు పెట్టి తెచ్చుకున్నది చాలాసార్లు కొన్ని నెలల్లో పోతుంది. తనంతట తాను వచ్చినది పట్టించుకోకపోయినా ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఈ రెండింటికీ తేడా ఎక్కడుందో తెలుసుకున్నవారే స్పంజికలను నిలుపుకోగలరు కాబట్టి, కింది సమాధానాలన్నీ దాదాపు ఆ విషయం చుట్టూనే ఉంటాయి.

స్పంజిక ఎలా బతుకుతుంది? దానికి నోరు, కడుపు ఏవీ కనిపించవు కదా?

స్పంజిక జంతువే, కానీ దానికి నోరు, జీర్ణాశయం, గుండె, నాడులు ఏవీ లేవు. ఒంటి నిండా ఉన్న సన్నని రంధ్రాల గుండా నీరు లోపలికి వెళుతుంది, కాలువల్లాంటి మార్గాల్లో తిరుగుతుంది, చివరికి ఆస్కులం అనే పెద్ద రంధ్రం గుండా బయటికి వస్తుంది. ఈ ప్రవాహాన్ని నడిపించేవి కోయనోసైట్లు అనే కణాలు. ఒక్కొక్క కణానికి ఒక కశాభం, అంటే కొరడా వంటి సన్నని పోగు, దాని చుట్టూ జల్లెడ వంటి పట్టీ ఉంటాయి. కశాభం నీటిని తోస్తుంటే ఆ పట్టీలో ఆహారం చిక్కుకుంటుంది. బాగా పనిచేస్తున్న స్పంజిక తన ఘనపరిమాణానికి కొన్ని వేల రెట్ల నీటిని ఒక్క రోజులో వడపోయగలదు.

అది పట్టే ఆహారం ఎంత చిన్నదో గుర్తుంచుకోవాలి. ముఖ్యంగా తినేది బాక్టీరియాను, ఒకటి రెండు మైక్రాన్ల పరిమాణంలో ఉండే అతి చిన్న ప్లవకాలను, అంటే నీటిలో తేలే సూక్ష్మజీవులను. వీటికి తోడు నీటిలో కరిగి ఉన్న సేంద్రియ పదార్థాన్ని కూడా చాలా జాతులు నేరుగా తీసుకుంటాయి. పగడాలు, శైవలాలు విడిచిన ఆ పదార్థాన్ని స్పంజికలు తీసుకుని, తమ కణాలను వేగంగా రాల్చి, ఇతర జీవులు తినగల నలుసులుగా మారుస్తాయని 2013లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. పోషకాలు తక్కువగా ఉండే పగడపు దిబ్బల మీద అన్ని జీవులు ఎలా బతుకుతున్నాయన్న పాత ప్రశ్నకు అది ఒక మంచి సమాధానం.

దుకాణంలో కొన్న ఎర్ర స్పంజిక రెండు మూడు నెలలు బాగానే ఉండి, తరువాత ఎందుకు చనిపోతుంది?

చాలావరకు ఆకలితో. ఎర్ర, నారింజ, పసుపు రంగుల్లో చెట్టుకొమ్మల్లాగా, గరిటెల్లాగా పెరిగే స్పంజికల్లో ఎక్కువ వాటికి కిరణజన్య సంయోగక్రియతో ఆహారం తయారుచేసే సహజీవులు ఉండవు. సముద్రంలో అవి రాతి అంచుల కింద, లోతైన నీటిలో, ఎడతెగని ప్రవాహంలో ఉండి రాత్రింబవళ్లు వడపోస్తూ బతుకుతాయి. ఇంటి అక్వేరియంలో నీటిని తేటగా ఉంచడమే మన పని. కంటికి తేటగా ఉన్న నీరు ఆ జీవికి ఖాళీ కంచం.

ఆకలి వెంటనే బయటపడకపోవడం దీనిలో పెద్ద చిక్కు. స్పంజిక తన కణాలనే కొద్దికొద్దిగా వాడుకుంటూ లోలోపల తగ్గిపోతుంది, గట్టి అస్థిపంజరం మాత్రం ఆకారాన్ని నిలబెడుతుంది. రంగు కూడా చాలాకాలం అలాగే ఉంటుంది. అందువల్ల మూడో నెలలో ఒక కొమ్మ చివర తెల్లబడినప్పుడు యజమాని ఆ వారం నీటిలో ఏం మారిందా అని వెతుకుతాడు. అసలు కారణం అది ఇంటికి వచ్చిన రోజు నుంచే ఉంది. ఇలాంటి స్పంజికలను మొదటిసారి ప్రయత్నించేవారు కొనకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. కొనేవారు ఉన్నంతకాలం వాటిని సముద్రం నుంచి పీకి తెస్తూనే ఉంటారు.

మరి ఏ స్పంజికతో మొదలుపెట్టాలి?

వెలుతురుతో బతికే వాటితో. వీటి కణజాలంలో సయనోబాక్టీరియా (వెలుతురుతో ఆహారం తయారుచేసుకునే బాక్టీరియా) సహజీవనం చేస్తూ, తాము తయారుచేసిన ఆహారంలో కొంత స్పంజికకు ఇస్తుంది. అక్వేరియం వారి మధ్య ఎక్కువగా చేతులు మారేది ఊదా, నీలం కలిసిన రంగులో, చెవి ఆకారపు పలకలుగా పెరిగే రకం. వ్యాపారంలో దీనిని కొలోస్పాంజియా పేరుతో అమ్ముతారు. శాస్త్రవేత్తలు లెండెన్‌ఫెల్డియా కాండ్రోడెస్‌గా గుర్తించిన జాతి ఈ రూపంలోనే ఉంటుంది, అది అక్వేరియంలో ఎంత తేలికగా నిలుస్తుందంటే ప్రయోగశాలల్లో పరిశోధనకు కూడా పెంచుతున్నారు. ఇది ముక్కల ద్వారా వ్యాపిస్తుంది కనుక ఇంకొకరి ట్యాంకులో పెరిగిన ముక్కను తీసుకోవచ్చు, సముద్రం నుంచి తెచ్చినది అక్కర లేదు.

దీని తరువాత చెప్పదగినది గుండ్రని బంతిలా ఉండే టెథియా. టెథియా విల్హెల్మా అనే జాతిని అసలు గుర్తించిందే అక్వేరియంలో. జర్మనీలోని స్టట్‌గార్ట్ నగరంలో ఉన్న విల్హెల్మా జంతు, వృక్ష ఉద్యానంలో అది కనబడింది, 2001లో దానిని కొత్త జాతిగా వర్ణించారు. చిన్న తెల్లని బంతి క్రమంగా ముడుచుకుని మళ్లీ ఉబ్బుతుంది, అద్దం మీద అతి మెల్లగా చోటు మారుతుంది, ఒంటి మీద సన్నని కాడల చివర మొగ్గలు వేసి పిల్లలను విడుస్తుంది. వెలుతురు మీద ఆధారపడని స్పంజికల్లో ఇంట్లో నిలబడేది ఏదైనా ఉందా అని అడిగేవారికి నేను టెథియా పేరే చెబుతాను.

సంప్‌లో, పంపు వెనక చిన్న తెల్లని కూజాల వంటివి వందల కొద్దీ వచ్చాయి. ఏమిటివి? తీసేయాలా?

అవి సైకాన్ లేదా దాని దగ్గరి బంధువులైన సున్నపు స్పంజికలు అయి ఉంటాయి. సాధారణంగా ఒకటి రెండు సెంటీమీటర్లు మించవు. భూతద్దంతో చూస్తే ఒంటినిండా సన్నని నూగు, పైనున్న రంధ్రం చుట్టూ నిటారుగా నిలిచిన మెరిసే ముళ్ల కిరీటం కనిపిస్తాయి. ఆ ముళ్లు కాల్షియం కార్బొనేట్‌తో తయారైన కంటకాలు. వీటివల్ల చేపలకు గాని పగడాలకు గాని హాని లేదు. నీటిలో బాక్టీరియా ఎక్కువగా ఉన్నప్పుడు గుంపులుగా వచ్చి, అది తగ్గినప్పుడు తామే తగ్గిపోతాయి. పంపు నోటికి, పైపులకు అడ్డం పడితే ఆ భాగాన్ని విప్పి వినిగర్‌లో నానబెట్టి శుభ్రం చేస్తే సరిపోతుంది. మిగతావాటిని వదిలేయండి.

నా ట్యాంకులో పెరుగుతున్నది స్పంజికేనా, ఇంకేదైనా జీవా? ఎలా తెలుసుకోవాలి?

స్పంజిక అనుకుని పొరబడేవి ముఖ్యంగా రెండు. మొదటిది ట్యూనికేట్, అంటే సీ స్క్విర్ట్. దానికి స్పష్టంగా రెండు గొట్టాలు ఉంటాయి, పిపెట్‌తో నీరు తగిలిస్తే అవి చటుక్కున మూసుకుంటాయి. స్పంజిక అంత వేగంగా ఎన్నడూ స్పందించదు. రెండోది గోర్గోనియన్. ఎర్ర కొమ్మల గోర్గోనియన్‌ను, ఎర్ర స్పంజికను పక్కపక్కన పెడితే దూరం నుంచి తేడా తెలియదు, కానీ గోర్గోనియన్ కొమ్మల మీద ఎనిమిదేసి స్పర్శకాలున్న చిన్న పాలిప్‌లు విచ్చుకుంటాయి. కొనే ముందు కాసేపు నిలబడి చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది.

ట్యాంకు పెట్టి ఎంతకాలమైన తరువాత స్పంజికను తేవచ్చు? నీటి కొలతలు ఎలా ఉండాలి?

కనీసం ఏడాది ఆగమంటాను. నైట్రోజన్ చక్రం, అంటే చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను మార్చే బాక్టీరియా కుదురుకోవడం, పూర్తవడానికి కొన్ని వారాలు చాలు, కానీ స్పంజికకు కావలసిన బాక్టీరియా, సూక్ష్మజీవులు, రాళ్ల సందుల్లో కుదురుకున్న చిన్న ప్రాణులు అన్నీ ఏర్పడడానికి అంత సమయం పడుతుంది. ఎండు రాళ్లతో మొదలుపెట్టిన ట్యాంకుల్లో ఇంకా ఆలస్యం కావచ్చు, ఎందుకంటే వాటిలోకి స్పంజికల, ఇతర జీవుల విత్తు అంతా పగడపు ముక్కల అడుగున అంటుకుని వచ్చేదే.

కొలతలు మామూలు రీఫ్ ట్యాంకువే, అంటే పగడాలు పెంచే ట్యాంకువే. ఉష్ణోగ్రత 24 నుంచి 26 డిగ్రీలు, లవణీయత వెయ్యికి 35 వంతులు, అంటే సాంద్రత 1.025 దగ్గర, పీహెచ్ 8.1 నుంచి 8.4, క్షారత 8 నుంచి 11 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం), కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (పది లక్షల వంతుల్లో). ఈ అంకెల మధ్య ఎక్కడ ఉన్నారన్న దానికంటే రోజురోజుకూ మారకుండా ఉండడం ముఖ్యం. నైట్రేట్‌ను సున్నాకు దించే ప్రయత్నం మాత్రం చేయకండి. పోషకాలు పూర్తిగా లేని నీటిలో బాక్టీరియా కూడా పలచబడుతుంది.

ఇంట్లో తాగునీటికి వాడే ఆర్.ఓ. ప్యూరిఫయర్ నీరు సరిపోతుందా?

దయచేసి ముందు ఆ యంత్రం ఏం కలుపుతుందో చూడండి. ఇటీవల మన ఇళ్లలోకి వస్తున్న ప్యూరిఫయర్లలో చాలావాటికి నీటిలో రాగిని కలిపే ఏర్పాటు ఉంటుంది. మనిషికి మేలని ప్రచారం చేసే ఆ రాగి వెన్నెముక లేని సముద్ర జీవులకు అతి తక్కువ మోతాదులోనే విషం. స్పంజిక మీదుగా రోజూ ఎంత నీరు పోతుందో పైన చెప్పాను, అంత నీటితోపాటు ఆ రాగి కూడా దాని ఒంట్లోకి వెళుతుంది. మరికొన్ని యంత్రాల్లో రుచి కోసం శుద్ధి చేసిన నీటిలో కొంత ముడినీటిని తిరిగి కలిపే టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది. ఈ రెండూ పనికిరావు. అక్వేరియం కోసం విడిగా ఒక ఆర్.ఓ. యూనిట్, దాని తరువాత డీఐ రెజిన్ (నీటిలో మిగిలిన అయాన్లను పట్టుకునే గుళికలు) పెట్టుకోవాలి. గతంలో చేపల జబ్బుకు రాగి మందు వేసిన ట్యాంకు, రాళ్లు, ఇసుక కూడా స్పంజికలకు తగవు.

బోరు నీటి మీద ఆధారపడేవారికి ఇంకో మాట. గ్రానైటు శిలల మీద ఉన్న తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల్లో భూగర్భ జలంలో సిలికా సహజంగానే కరిగి ఉంటుంది. సిలికా ఆ నీటిలో దాదాపు విద్యుదావేశం లేకుండా ఉంటుంది కాబట్టి టీడీఎస్ మీటర్ దానిని చూపదు. రెజిన్ శక్తి తగ్గుతున్నప్పుడు మొదట జారిపోయేవాటిలో అదీ ఒకటి. మీటర్ సున్నా చూపుతున్నా అద్దాల మీద గోధుమరంగు డయాటమ్ (సిలికాతో గుల్ల కట్టుకునే సూక్ష్మ శైవలం) పొర మళ్లీ మళ్లీ పడుతుంటే రెజిన్ మార్చే సమయం వచ్చిందని అనుమానించాలి.

స్పంజికలకు సిలికేట్ కావాలంటారు. నీటిలో కలపాలా?

ఇది ఏ స్పంజిక అన్న దానిని బట్టి ఉంటుంది, కానీ సలహా ఇచ్చేవారు ఆ మాట అడగకుండానే కలపమంటారు. హాలిక్లోనా, టెథియా, సినాకిరెల్లా వంటివి తమ కంటకాలను సిలికాతో నిర్మించుకుంటాయి. సిలికా చాలని నీటిలో వాటి కంటకాలు సన్నబడతాయి, సంఖ్య కూడా తగ్గుతుంది. సైకాన్ వంటి సున్నపు స్పంజికలకు కావలసింది కాల్షియం, కార్బొనేట్లు. పైన చెప్పిన నీలం పలకల స్పంజిక తన ఆకారాన్ని స్పాంజిన్ అనే ప్రొటీను పోగులతో నిలుపుకుంటుంది, సొంతంగా సిలికా కంటకాలు చేసుకోదు. అంటే సైకాన్‌కు, నీలం పలకల స్పంజికకు సిలికేట్ అవసరమే లేదు.

సిలికా కంటకాల స్పంజికలు ఎక్కువగా ఉన్న ట్యాంకులో కొందరు అనుభవజ్ఞులు సోడియం సిలికేట్ ద్రావణాన్ని కొద్ది మోతాదులో వాడతారు. ఆ పని చేసేవారి దగ్గర సిలికేట్ పరీక్ష కిట్ ఉండాలి, డయాటమ్‌లు పెరిగితే ఓర్చుకోవడానికి సిద్ధంగా ఉండాలి. కిట్ లేకుండా అంచనాగా పోయడం మంచిది కాదు.

ఆహారంగా ఏమి ఇవ్వాలి? ఎంత, ఎప్పుడు?

చేపలకు వేసే బ్రైన్ ష్రింప్, మైసిస్ వంటి చిన్న రొయ్యల్లాంటి జీవులు స్పంజికకు ఆహారం కావు, అవి దాని రంధ్రాల కంటే చాలా పెద్దవి. దుకాణాల్లో దొరికే ఫైటోప్లాంక్టన్‌లో (నీటిలో తేలే సూక్ష్మ శైవలాల్లో) కూడా పరిమాణం చూడాలి. నానోక్లోరాప్సిస్ కణం రెండు నుంచి నాలుగు మైక్రాన్లు ఉంటుంది కనుక పనికొస్తుంది. టెట్రాసెల్మిస్ పది మైక్రాన్ల దాకా ఉంటుంది, అన్ని స్పంజికలూ దానిని వాడుకోలేవు. సజీవంగా ఉన్న ఫైటోప్లాంక్టన్ దొరికితే అదే మేలు, తినకుండా మిగిలినది కొంతసేపు బతికి ఉంటుంది గాని వెంటనే కుళ్లదు.

నిజానికి సీసాలోని ఆహారం కంటే ట్యాంకులోనే పుట్టే బాక్టీరియా స్పంజికకు ఎక్కువ తిండి పెడుతుంది. చేపలకు మంచి ఆహారం పడుతూ, పగడాలు, శైవలాలు ఆరోగ్యంగా పెరుగుతూ ఉండే ట్యాంకులో అది నిరంతరం తయారవుతూనే ఉంటుంది. వినిగర్ లేదా ఇతర కార్బన్ మూలాన్ని కొద్దిగా కలిపి బాక్టీరియాను పెంచే పద్ధతి పాటించేవారి సంప్‌లలో స్పంజికలు ఒక్కసారిగా గుబురుగా రావడానికి ఇదే కారణం. అయితే స్పంజిక కోసమే ఆ పద్ధతి మొదలుపెట్టవద్దు. మోతాదు హెచ్చితే బాక్టీరియా ఒక్కసారిగా విజృంభించి నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది.

విడిగా ఆహారం ఇచ్చేవారు ఒకేసారి ఎక్కువ పోయకుండా రోజులో రెండు మూడు సార్లు చాలా కొద్దికొద్దిగా ఇవ్వాలి.

స్పంజిక నిజంగా వడపోస్తోందో లేదో ఇంట్లో తెలుసుకోగలమా?

తెలుసుకోగలం, ఇది చూడదగిన దృశ్యం కూడా. పంపులన్నీ ఆపి రెండు నిమిషాలు ఆగండి. నీటి కదలిక తగ్గాక పిపెట్‌తో ఒకటి రెండు చుక్కల ఆకుపచ్చ ఫైటోప్లాంక్టన్‌ను స్పంజిక పక్కభాగానికి దగ్గరగా, దాని మీద పడకుండా వదలండి. టార్చిని పక్క నుంచి వేస్తే, ఆ పచ్చని మబ్బు మెల్లగా స్పంజిక ఒంటివైపు వంగి పలచబడడం కనిపిస్తుంది. అదే సమయంలో ఆస్కులం పైన తేలుతున్న నలుసులు పైకి ఎగదన్నినట్టు లేస్తాయి. నలుసులు కదలకపోతే కంగారు పడకండి, స్పంజికలు అప్పుడప్పుడు వడపోత ఆపి రంధ్రాలు మూసుకుంటాయి. మరుసటి రోజు మళ్లీ చూడండి. వరుసగా కొన్ని రోజులు కదలిక లేకపోతే, పైకి రంగు ఎంత బాగున్నా, దాని ఆరోగ్యం బాగాలేదని భావించాలి.

స్కిమ్మర్, కార్బన్, యూవీ ఆపేయాలా?

స్కిమ్మర్‌ను (నీటిలోని సేంద్రియ వ్యర్థాన్ని నురుగుతో తీసే పరికరాన్ని) పూర్తిగా ఆపమని చెప్పను, ముఖ్యంగా చేపలు ఎక్కువగా ఉన్నచోట. ఆహారం ఇచ్చిన తరువాత కొన్ని గంటలు ఆపితే సరిపోతుంది. యాక్టివేటెడ్ కార్బన్ కరిగిన సేంద్రియ పదార్థాన్ని లాగేస్తుంది కనుక నెలలో కొన్ని రోజులు మాత్రమే వాడవచ్చు. యూవీ (అతినీలలోహిత) దీపం నీటిలో తేలే బాక్టీరియాను చంపుతుంది, అది స్పంజిక నోటి దగ్గరి కూడు. చేపల జబ్బు లేనప్పుడు దానిని నడపనవసరం లేదు.

ట్యాంకులో ఎక్కడ పెట్టాలి?

నీలం పలకల స్పంజికను వెలుతురు మధ్యస్థంగా పడేచోట, ఇసుకకు పైన, రాతి మీద పెట్టండి. నీడలో పెడితే కొన్ని వారాల్లో రంగు పోయి తెల్లబడుతుంది. వెలుతురు అవసరం లేని స్పంజికలకు రాళ్ల అడుగు, గుహ, ట్యాంకు వెనక భాగం సరైన చోట్లు. ఎండ వాటికి నేరుగా హాని చేస్తుందని కాదు, కానీ వెలుతురులో వాటి ఒంటి మీద శైవలాలు పట్టి రంధ్రాలను మూసేస్తాయి. ఒకసారి అలా కప్పబడిన స్పంజికను రుద్ది శుభ్రం చేయడం కుదరని పని.

ప్రవాహం నిలకడగా ఉండాలి, పవర్‌హెడ్ (ట్యాంకులో నీటిని తిప్పే పంపు) ధార మాత్రం నేరుగా తగలకూడదు. ఇసుక, మడ్డి మీద పేరుకునేచోట అసలు పెట్టకూడదు. స్పంజికలకు తమను తాము శుభ్రం చేసుకునే మార్గం కొంత ఉంది. కరీబియన్‌లోని అప్లిసినా ఆర్చెరి అనే గొట్టపు స్పంజిక తాను పీల్చే రంధ్రాల నుంచే, లోపలికి వచ్చే నీటికి ఎదురుగా, జిగురును బయటికి నెట్టి మురికిని వదిలించుకుంటుందని 2022లో పరిశోధకులు చూపారు. అయినా ఇసుక తిన్నెలు కదిపే చేప పక్కన ఉంటే ఏ స్పంజిక ఓపికా చాలదు.

గాలి తగిలితే స్పంజిక చనిపోతుందంటారు, నిజమేనా?

అన్నింటికీ ఒకే విధంగా కాదు. ఆటు సమయంలో సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మీద బయటపడే జాతులు కొంతసేపు గాలికి ఓర్చుకుంటాయి. ఎప్పుడూ నీటి అడుగునే ఉండేవాటిని బయటికి తీస్తే లోపలి కాలువల్లోని నీరు కారిపోయి, ఆ చోట గాలి బుడగలు చిక్కుకుంటాయి. బుడగ ఉన్నచోటికి నీరు వెళ్లదు, ఆ భాగం చనిపోయి కుళ్లుతుంది, కుళ్లు చుట్టుపక్కలకు పాకుతుంది. మీ స్పంజిక ఏ రకమో తెలియనప్పుడు గాలి తగలనివ్వకపోవడమే క్షేమం.

దుకాణదారుడిని సంచిని ట్యాంకు నీటిలో ముంచి, స్పంజికను నీటిలోనే సంచిలోకి దించమని అడగండి. ఇంటికి వచ్చాక సంచిలోని నీటిలో మీ ట్యాంకు నీటిని చుక్కలుచుక్కలుగా గంట, గంటన్నర పాటు కలపండి. ఆ తరువాత స్పంజికను నీటిలోనే చిన్న డబ్బాలోకి తీసుకుని, డబ్బాను నీటితోపాటు ట్యాంకులో ముంచి స్పంజికను అక్కడ వదలండి. పగడాలకు వాడే పురుగుల మందు ద్రావణంలో స్పంజికను ముంచకూడదు. పొరపాటున గాలి తగిలితే ఆస్కులం పైకి ఉండేలా పెట్టండి, బుడగలు బయటపడడానికి కొంత వీలుంటుంది.

ముక్కలు చేసి పెంచవచ్చా?

పెంచవచ్చు, ఈ విషయంలో స్పంజికలు ఇతర జంతువుల కంటే ఎంతో ముందున్నాయి. హెచ్.వి. విల్సన్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త 1907లో ఒక ఎర్ర స్పంజికను సన్నని పట్టు గుడ్డ గుండా పిండి కణాలుగా విడదీశాడు. ఆ కణాలు మళ్లీ ఒకదాన్నొకటి చేరుకుని కొత్త స్పంజికలుగా ఏర్పడ్డాయి. అంతకు ముందే, 1860ల్లో, ఆస్కార్ ష్మిట్ ఏడ్రియాటిక్ తీరంలో స్నానపు స్పంజికలను ముక్కలుగా కోసి సాగుచేసే ప్రయత్నాలు చేశాడు.

ఇంట్లో చేసేటప్పుడు నీటిలోనే, పదునైన కొత్త బ్లేడుతో, ఆరోగ్యంగా ఉన్న అంచు నుంచి రెండు మూడు సెంటీమీటర్ల ముక్క కోయండి. జిగురు మెత్తని ఒంటికి సరిగా అంటదు. ముక్కను చిన్న రాతి మీద ఆనించి, చేపలు పట్టే నైలాన్ దారంతో వదులుగా కట్టడం మంచి పద్ధతి. కొద్ది వారాల్లో అది రాతికి పట్టుకుంటుంది, అప్పుడు దారం తీసేయవచ్చు. దారం బిగించి కడితే అక్కడే తెగిపోతుంది.

ఏ చేపలు, జీవులు స్పంజికను తింటాయి?

పెద్ద ఏంజెల్ చేపలన్నీ అనుమానించదగినవే. ఎంపరర్ ఏంజెల్ వంటి పొమాకాంథస్ జాతులకు సముద్రంలో స్పంజికలు ముఖ్యాహారం. మూరిష్ ఐడల్ కూడా అంతే, అది ఇళ్లలో బతకకపోవడానికి ఈ ఆహారం దొరకకపోవడం ఒక కారణం. చిన్న సెంట్రోపైజీ ఏంజెల్‌లలో కొన్ని ముట్టవు, కొన్ని కొరుకుతూనే ఉంటాయి. స్పంజికలను తినే డోరిడ్ రకపు న్యూడిబ్రాంక్‌లలో (గుల్లలేని సముద్రపు నత్తల్లో) చాలావరకు ఒక్కో జాతి ఒక్కో రకం స్పంజికను తింటుంది, ఇవి స్పంజికతో పాటే దాక్కుని రావచ్చు. క్లౌన్ చేపలు, క్రోమిస్‌లు, గోబీలు, ఫైర్‌ఫిష్ ఉన్న ట్యాంకులో భయం లేదు.

పగడాలకు స్పంజికల వల్ల హాని ఉంటుందా?

మామూలుగా ఉండదు, కానీ రెండు రకాల గురించి జాగ్రత్త పడాలి. క్లయోనా జాతులు సున్నపు రాతిని, పగడపు అస్థిపంజరాన్ని, ఆల్చిప్పల గుల్లలను తొలుచుకుంటూ లోపలే పెరుగుతాయి. బయటికి పసుపు లేదా గోధుమరంగు చుక్కల వరుస మాత్రమే కనిపిస్తుంది. పగడం అడుగున ఆ చుక్కలు కనబడితే ఆ రాతి భాగాన్ని కోసి తీసేయడం తప్ప మందు లేదు. టెర్పియోస్ హోషినోటా అనే బూడిద, నలుపు కలిసిన పలుచని స్పంజిక బతికున్న పగడాలను కప్పి చంపుతుంది. పసిఫిక్ దిబ్బలను దెబ్బతీసిన ఈ జాతి మన పాక్ అఖాతంలో కూడా కనబడింది. ఇళ్లలో ఇది అరుదు. నీలం పలకల స్పంజిక కూడా పెరిగి పక్కనున్న పగడానికి నీడ చేయవచ్చు, అప్పుడు అంచు కత్తిరించి ఇంకొకరికి ఇవ్వండి.

చేతితో తాకవచ్చా?

తొడుగులు లేకుండా తాకవద్దు. కంటకాలు చర్మంలో గుచ్చుకుని రోజుల తరబడి దురద పెడతాయి. టెడానియా ఇగ్నిస్ వంటి కొన్ని జాతులు తాకితే చర్మం మండి బొబ్బలెక్కుతుంది. కదలలేని, పరుగెత్తలేని జీవులు కనుక స్పంజికలు రసాయనాలతోనే తమను కాపాడుకుంటాయి. జపాన్‌లోని హాలికాండ్రియా ఒకడాయ్ అనే స్పంజికలో దొరికిన పదార్థం ఆధారంగా తయారైన ఎరిబులిన్‌ను 2010 నుంచి రొమ్ము క్యాన్సర్ చికిత్సలో వాడుతున్నారు. అంత బలమైన రసాయనాలు ఉండగల జీవి చిన్న ట్యాంకులో చనిపోతే ఏమవుతుందో ఊహించవచ్చు.

చనిపోతున్నట్టు ఎలా తెలుస్తుంది? అప్పుడు ఏం చేయాలి?

మొదట కొమ్మ చివరో, అడుగునో బూడిద లేదా తెలుపు మచ్చ వస్తుంది. దాని మీద సాలెగూడు వంటి పలుచని పొర కనబడుతుంది. పిపెట్‌తో నీరు కొడితే ఆరోగ్యంగా ఉన్న చోట ఏమీ రాలదు, చనిపోయిన చోట మాంసం మబ్బులా లేచి కింద పోగుల వల మాత్రం మిగులుతుంది. నీటి నుంచి తీసిన ఆ ముక్కకు కుళ్లిన వాసన ఉంటుంది. మచ్చ చిన్నదైతే, దాని చుట్టూ ఒక సెంటీమీటరు ఆరోగ్యవంతమైన భాగాన్ని కూడా కలిపి నీటిలోనే కోసి తీసేయండి. మిగిలినది చాలాసార్లు కోలుకుంటుంది. సగానికి పైగా పోతే మొత్తాన్ని తీసేయక తప్పదు, చిన్న ట్యాంకులో ఆలస్యం చేయకూడదు. వెంటనే కొత్త కార్బన్ పెట్టి, పావు వంతు నీరు మార్చి, అమ్మోనియా పరీక్షించండి.

మన వేసవి ఎండల్లో, కరెంటు పోయినప్పుడు ఏం చేయాలి?

హైదరాబాదులో, విజయవాడలో మే నెల ఎండకు గది ఉష్ణోగ్రత పెరిగితే ట్యాంకు 30 డిగ్రీలు దాటడానికి ఎంతోసేపు పట్టదు. చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) గాని, ఏసీ గది గాని లేకుండా స్పంజికలు పెట్టుకోవద్దు. ఎండాకాలం ఆవిరయ్యే నీరు ఎక్కువ, ఉప్పు మాత్రం ఆవిరి కాదు, కనుక తగ్గిన మేరకు రోజూ మంచినీరు పోస్తూ ఉండాలి. కరెంటు పోతే ముందుగా ఆందోళన చెందవలసింది ప్రాణవాయువు గురించి. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు దగ్గర ఉంచుకోండి, ఇన్వర్టర్ ఉంటే ఒక పవర్‌హెడ్‌ను దానికి కలపండి. బుడగలు స్పంజికకు దూరంగా వచ్చేలా ఎయిర్ పంపు గొట్టం చివరి బుడగల రాయిని పెట్టండి.

విశాఖ తీరంలో రాళ్ల మీద స్పంజికలు కనిపిస్తాయి. తెచ్చుకోవచ్చా?

తేవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద 2001లో పగడాలను మొదటి షెడ్యూలులో, సున్నపు స్పంజికలను మూడో షెడ్యూలులో చేర్చారు. 2022 సవరణ షెడ్యూళ్లను తిరిగి అమర్చింది. రాతి మీద కనిపించేది సున్నపు స్పంజికో, సిలికా స్పంజికో కంటితో చెప్పడం సాధ్యం కాదు, సూక్ష్మదర్శిని కింద కంటకాలు చూడాలి. మన్నార్ సింధుశాఖ వంటి రక్షిత ప్రాంతాల నుంచి రాయి తేవడం నేరుగా నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, అలల తాకిడికి, మారే లవణీయతకు అలవాటుపడిన జీవి ఇంటి ట్యాంకులో ఇమడడం కష్టం. ఎవరి దగ్గర కొన్నా ముక్క ఎక్కడ పెరిగిందో అడిగి, బిల్లు తీసుకోండి.

స్పంజికల కోసమే విడిగా ఒక చోటు ఏర్పాటు చేయవచ్చా?

చేయవచ్చు, వెలుతురు అక్కర లేని వాటికి ఇదే సరైన మార్గం. సంప్‌లో ఒక అరను నల్లని షీటుతో కప్పి చీకటి చేయండి. అందులో గుల్లగా ఉన్న రాళ్లు, మధ్యలో ఖాళీలు ఉండేలా పేర్చండి. ప్రధాన ట్యాంకు నుంచి వచ్చే నీరు స్కిమ్మర్‌కు పోకముందే ఈ అర గుండా మెల్లగా పారాలి, అప్పుడే దానిలోని బాక్టీరియా, కరిగిన పదార్థం స్పంజికలకు అందుతాయి. ఫిల్టర్ సాక్స్ (నీటిలోని నలుసులను పట్టే గుడ్డ సంచులు) ఈ అరకు ముందు పెట్టకండి. ఏంజెల్ చేప గాని, వెలుతురు గాని చేరని ఆ చీకట్లో మొదటి నెలల్లో ఏమీ కనిపించదు. తరువాత రాళ్ల అడుగున పలుచని పసుపు, తెలుపు, నారింజ పొరలు మొదలవుతాయి. రాళ్లను ఎత్తి చూడాలనిపించినా ఎత్తవద్దు, ప్రతిసారీ వాటికి గాలి తగులుతుంది. అద్దం పక్క నుంచి టార్చి వేసి చూడండి, లేదా అర అడుగున ప్రతిబింబం చూపే చిన్న అద్దం ముక్క పెట్టుకోండి. ఏడాదికి ఒకసారి అడుగున చేరిన మడ్డిని గొట్టంతో లాగడం తప్ప ఆ అరలో చేయవలసిన పని మరేమీ ఉండదు.